ఫర్మానాతో మొదలై ఫర్మానాతో ముగిసిన స్వాతంత్ర్యం
హైదరాబాదు ప్రశ్నపై వెలువడిన గ్రంథాల పరిశీలన

రావివలస, టెక్కలి, పలాస, ఉద్దానం తీరం — ఈ ప్రాంతమంతా ఒకప్పటి చికాకోలు సర్కారులోనిది. చికాకోలు అనగా నేటి శ్రీకాకుళం. గోలకొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ ఆ పట్టణంలో ఉన్నది. గోలకొండ పతనానంతరం ఈ సర్కారు మొగలుల చేతికీ, ఆ పిమ్మట హైదరాబాదు నిజాముల చేతికీ వచ్చింది. నడుమ కొన్నేళ్ళు ఫ్రెంచివారు దీని ఆదాయం అనుభవించారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఒక ఫర్మానాతో ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేశాడు. 1766 నవంబరులో నిజాం అలీ ఖాన్ ఒక ఒడంబడికతో అందుకు సమ్మతించాడు. రావివలసలో మల్లికార్జునుడు కప్పులేని చోట ఎండలోనే పూజలందుకుంటున్నాడు. ఆ దేవుని చుట్టూ పొలం దున్నుకునే రైతుకు తన సర్కారు చేతులు మారిందని శిస్తు వసూలుకు కొత్త మనిషి వచ్చినప్పుడు గాని తెలిసే వీలు లేదు. అతని సమ్మతి అడగాలన్న ఊహ ఆ కాలపు ఏ పత్రంలోనూ లేదు.

181 సంవత్సరాల తరువాత, 1947 జూన్‌లో, అదే వంశానికి చెందిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మరొక ఫర్మానా జారీ చేశారు. హైదరాబాదు సంస్థానం భారత రాజ్యాంగ సభకు గాని, పాకిస్తాన్ రాజ్యాంగ సభకు గాని ప్రతినిధులను పంపదనీ, ఆగస్టు 15న బ్రిటిష్ వారి అధినేతృత్వం తొలగిపోగానే తాము స్వతంత్ర ప్రభువు హోదా పొందగలమనీ దాని సారాంశం. ఆ స్వాతంత్ర్యం నిండా పదమూడు నెలలు నిలిచింది. దానిపై గ్రంథరచన మాత్రం డెబ్బై ఏళ్ళకు పైగా సాగుతూనే ఉన్నది. ఓడినవారు వ్రాశారు, గెలిచినవారు వ్రాశారు, ఉద్యమకారులు వ్రాశారు, పండితులు వ్రాశారు. రాజ్యం ఎవరిది అన్న ప్రశ్నకు వీరు ఏ సమాధానం చెప్పారు, ఆ సమాధానానికి మూల్యం చెల్లించిన వారికి తమ పుటలలో ఎంత చోటిచ్చారు అన్న రెండు విషయాలే ఈ పరిశీలనకు గీటురాళ్ళు.

1. వివాద స్వరూపం

హైదరాబాదు సంస్థానం 82 వేల చదరపు మైళ్ళకు పైబడిన రాజ్యం. 1941 జనాభా లెక్కల ప్రకారం ప్రజలు ఒక కోటి 63 లక్షలు. వారిలో ముస్లిములు నూటికి పదమూడుగురి లోపే. పదహారు జిల్లాలలో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడంవి. దర్బారు భాష, విశ్వవిద్యాలయపు బోధనా భాష ఉర్దూ. నలువైపులా భారత భూభాగమే. సముద్ర ద్వారం లేదు.

ఇటువంటి రాజ్యానికి స్వాతంత్ర్య వాదం చట్టం నుండి వచ్చింది. బ్రిటిష్ అధినేతృత్వం ఎవరికీ బదిలీ కాదనీ, అది రద్దు అవుతుందనీ 1946 మేలో కేబినెట్ రాయబార వర్గం ప్రకటించింది. 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టమూ అదే చెప్పింది. రద్దయిన అధికారం ఎవరికి చేరుతుంది? ప్రభువుకు చేరుతుందని నిజాం న్యాయవాది సర్ వాల్టర్ మాంక్టన్ వాదం. ప్రజలకు చేరుతుందని సంస్థాన కాంగ్రెసు వాదం. ఈ రెండు వాదాల నడుమనే తరువాతి కథ అంతా నడిచింది. మౌంట్‌బాటెన్ జనవాక్య సేకరణ సూచించగా నిజాం సమ్మతించలేదు. 1947 నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరింది. 1948 జూన్ నాటి ముసాయిదాలో జనవాక్య సేకరణ మాట మళ్ళీ వచ్చింది గాని ఆ ముసాయిదా సంతకం వరకు రాలేదు. ఆగస్టు 21న హైదరాబాదు భద్రతా సమితికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. సమితి పారిస్‌లో ఫిర్యాదును చేపట్టిన మరునాడే, 17న, నిజాం యుద్ధ విరమణ ప్రకటించారు. 18న సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె. ఎన్. చౌదురికి లొంగిపోయారు.

2. పత్రాలను నమ్మిన ప్రధాని

ఆఖరి ప్రధాని మీర్ లాయక్ అలీ సాహెబ్ వ్రాసిన ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ 1962లో కరాచీలో వెలువడింది. ఆయన వృత్తిరీత్యా ఇంజనీరు, పారిశ్రామికవేత్త. 1950 మార్చిలో గృహనిర్బంధం నుండి తప్పించుకొని పాకిస్తాన్ చేరిన ఉదంతం ఆయనను ఒక కథానాయకునిగా చేసింది. గ్రంథంలో నిజాయితీ ఉన్నది. ఆర్థిక దిగ్బంధం వల్ల ఔషధాలు, ఇంధనం అందని స్థితిని వర్ణించిన తీరు పాఠకుని కదిలిస్తుంది. ఢిల్లీలో రోజుకొక రీతిగా మారిన షరతులను ఆయన వరుసగా చూపిస్తారు. భారత పక్షం మొదటి నుండి సైనిక చర్యకే నిశ్చయించుకున్నదన్న ఆయన అనుమానాన్ని తేలికగా త్రోసివేయడానికి వీలులేదు.

అయినను గ్రంథం బరువంతా చర్చల గదిలోనే ఉన్నది. తెలంగాణా పల్లెలు, మరాట్వాడా పల్లెలు ఆ గది కిటికీ నుండి కనిపించే అల్లర్లుగా మాత్రమే వస్తాయి. ఒక కోటి 63 లక్షల మంది పక్షాన మాట్లాడే అధికారం తనకు ఎక్కడి నుండి వచ్చినదన్న ప్రశ్న రచయిత తనకు తాను వేసుకోలేదు. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల భారత ప్రభుత్వ పత్రాలను అప్పుగా ఇచ్చిన నిర్ణయం కూడ ఆర్థిక విషయంగానే సమర్థించబడింది. ఆ నిర్ణయం పొరుగు ప్రభుత్వానికి ఎంత పెద్ద సాకు కాగలదో ఆయన తూచలేదు. చుట్టూ ఉన్న దేశంతో రైలు, ఉప్పు, కిరసనాయిలు ముడిపడి ఉన్న రాజ్యానికి స్వాతంత్ర్యం చట్టపు మాటతో నిలుస్తుందనుకోవడమే ఈ గ్రంథంలోని అసలు విషాదం.

ఈ స్వాతంత్ర్య వాదానికి జనబలం చేకూర్చినది మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్. సార్వభౌమాధికారం ముస్లిము సముదాయానిదనీ, నిజాం దానికి ప్రతీక మాత్రమేననీ దాని సిద్ధాంతం. బహాదూర్ యార్ జంగ్ వాగ్ధాటితో అది పాతబస్తీ పేద ముస్లిముకు ఒక గౌరవ భావాన్ని ఇచ్చింది. రిక్షా లాగేవాడు సైతం తాను పాలకులలో ఒకడినని నమ్మాడు. 1944లో ఆయన మరణించగా, 1946 చివరిలో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకుడయ్యాడు. గౌరవ భావం రజాకారు దళంగా మారింది. పాలన అనేది ఏలికకు అప్పగించబడిన అమానత్ అనీ, సంప్రదింపు దాని నియమమనీ ఇస్లామీయ రాజనీతి గ్రంథాలు బోధిస్తాయి. అమానత్ ఒక సముదాయానికి సొత్తు కాజాలదు. ఈ గీటురాయిపై మజ్లిస్ సిద్ధాంతాన్ని గీచి చూసిన పుట లాయక్ అలీ గ్రంథంలో లేదు. ఆ కొరత గ్రంథానిది మాత్రమే. నాటి హైదరాబాదు ముస్లిములందరిదీ కాదు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ప్రజా ప్రభుత్వాన్ని, యూనియన్‌లో విలీనాన్ని కోరి వ్రాసినందుకు 1948 ఆగస్టులో చంపబడ్డాడు. రజాకార్ల కాలాన్ని హిందూ ముస్లిం యుద్ధంగా మాత్రమే చిత్రించేవారికి ఆ మరణం తగిన సమాధానం.

3. విజేతల కథనం

శ్రీ వి. పి. మీనన్ గ్రంథం ‘ది స్టోరీ ఆఫ్ ది ఇంటిగ్రేషన్ ఆఫ్ ది ఇండియన్ స్టేట్స్’ 1956లోను, శ్రీ కె. ఎం. మున్షీ గ్రంథం ‘ది ఎండ్ ఆఫ్ ఏన్ ఎరా’ 1957లోను వెలువడినవి. మీనన్ సంస్థానాల మంత్రిత్వ శాఖ కార్యదర్శి. మున్షీ 1948 జనవరి నుండి హైదరాబాదులో భారత ఏజెంట్ జనరల్. ఒకరిది దస్త్రాల వంటి శైలి, మరొకరిది నవలాకారుని శైలి. మీనన్‌ను చదివిన పాఠకునికి తేదీలు నిలుస్తాయి. మున్షీని చదివినవానికి ముఖాలు నిలుస్తాయి. కింగ్ కోఠీ భవనపు అనుమానాలు, రజ్వీ ఉపన్యాసాలు, దర్బారీల తడబాటు మున్షీ వలె చూపినవారు అరుదు.

వీరి వాదం ప్రజాభీష్టంపై నిలిచింది. అది న్యాయమైన పునాది. కాని ఆ పునాదిని వీరు అన్ని చోట్లా ఒకే తీరుగా వాడలేదు. జునాగఢ్‌లో ముస్లిం ప్రభువు సంతకాన్ని భారత ప్రభుత్వం అంగీకరించలేదు. 1948 ఫిబ్రవరిలో జనవాక్య సేకరణ జరిపించింది. కాశ్మీరులో హిందూ ప్రభువు సంతకమే ప్రవేశానికి ఆధారమైంది. హైదరాబాదులో ప్రజాభీష్టం పేర సైన్యం వెళ్ళింది. పిమ్మట ఆ అభీష్టాన్ని అడగవలసిన జనవాక్య సేకరణ జరగలేదు. అవతలి పక్షమూ తక్కువ తినలేదు. సంస్థానాధీశులు చట్టరీత్యా స్వతంత్రులని 1947 జూన్‌లో జిన్నా సాహెబ్ ప్రకటించారు. హైదరాబాదు నిజాంకు అండగా నిలిచిన ఆ సూత్రమే కొద్ది నెలలకే కాశ్మీరు మహారాజు చేతిలో ఆయుధమైంది. రెండు ప్రభుత్వాలకూ సూత్రం కన్న స్థలమే ముఖ్యమైంది.

1949 నవంబరులో హైదరాబాదు భారత రాజ్యాంగాన్ని ఆమోదించిన విధానాన్ని ఇక్కడ గుర్తు చేయవలసి ఉన్నది. అది కూడ నిజాం ఫర్మానా ద్వారానే జరిగింది. ప్రజాభీష్టం పేర ఏ ప్రభువు అధికారం తొలగించబడినదో, ఆ ప్రభువు ముద్రే విలీనానికి పత్రమైంది. 1947 జూన్‌లో చెల్లని ముద్ర 1949 నవంబరులో చెల్లింది. ఆ ప్రభువే 1956 అక్టోబరు 31 వరకు రాజప్రముఖ్‌గా కొనసాగారు. ఈ వైరుధ్యాన్ని విజేతల కథనం రాజనీతిజ్ఞతగా చెప్పి ముందుకు సాగిపోతుంది.

4. రయ్యతు కథనం

స్వామీ రామానంద తీర్థ స్మృతులు (1967), శ్రీ పుచ్చలపల్లి సుందరయ్య ‘వీర తెలంగాణా విప్లవ పోరాటం — గుణపాఠాలు’ (1972) వేరొక చోటు నుండి కథ మొదలుపెడతాయి. స్వామీజీ పౌరహక్కుల నుండి, సుందరయ్య భూమి నుండి. సుందరయ్య గ్రంథంలో నిజాం కన్న దేశముఖు ముందు వస్తాడు. విసునూరు దేశముఖు మనుషుల చేతిలో చనిపోయిన షేక్ బందగీ ఒక ముస్లిం రైతు. ఆ దేశముఖు హిందువు. 1946 జూలై 4న కడవెండిలో తూటాకు కూలిన దొడ్డి కొమరయ్య అదే దేశముఖు బాధితుడు. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో పాటు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. సంస్థానపు వివాదాన్ని మతం గీతతో రెండుగా చీల్చేవారికి ఈ పేర్లు అడ్డు తగులుతాయి.

సుందరయ్య లెక్క ప్రకారం ఉద్యమం మూడు వేల గ్రామాలకు వ్యాపించి పది లక్షల ఎకరాలు పంచింది; నాలుగు వేల మంది కార్యకర్తలు, రైతులు ప్రాణాలు కోల్పోయారు. వీరిలో చాలమంది 1948 సెప్టెంబరు తరువాత, భారత సైన్యం చేతిలో. 1951 అక్టోబరులో పోరాటం విరమించబడింది. గ్రంథపు బలం ఇదే; లోపమూ ఇక్కడే. పోరాటంలో ఉన్న పల్లెల వివరం ఎంత దట్టంగా ఉన్నదో, పోరాటం లేని మరాఠీ, కన్నడ జిల్లాల పల్లెల వివరం అంత పలుచన. స్వామీజీ గ్రంథంలో సరిహద్దు శిబిరాల వీరగాథ ఉన్నది. ఆ శిబిరాల దాడులకు, రజాకార్ల ప్రతీకారానికి నడుమ చిక్కిన పల్లెవాసుల గాథ తక్కువ. రయ్యతు పక్షాన వ్రాసిన గ్రంథాలలోను కొందరు రయ్యతులు బయటనే మిగిలారు.

5. చీకటిలో ఉండిన నివేదిక

ఆ మిగిలినవారిని మొదట పేర్కొన్నది పండితుడు విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్. 1950లో ‘మిడిల్ ఈస్ట్ జర్నల్’లో వెలువడిన ఆయన వ్యాసానికి ‘హైదరాబాదు: ముస్లిం విషాదం’ అని అర్థం వచ్చే శీర్షిక ఉన్నది. ప్రభుత్వం నియమించిన ఒక పరిశీలక బృందపు నివేదిక ప్రకటించబడలేదని ఆయన అప్పుడే వ్రాశారు. ఆ బృందం పండిత సుందర్‌లాల్, ‘పయాం’ పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలది. 1948 నవంబరు చివర నుండి డిసెంబరు మూడవ వారం వరకు వారు పదహారు జిల్లాలలో తొమ్మిది తిరిగి చూశారు. సైనిక చర్య సమయంలోను, పిదపను చనిపోయినవారు తక్కువలో తక్కువగా 27 వేల నుండి 40 వేల మంది అని వారి అంచనా. మరణించినవారిలో అత్యధికులు ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు — ఈ నాలుగు జిల్లాలు ఎక్కువ నష్టపోయినవి.

బృందసభ్యులు రజాకార్ల అత్యాచారాలను దాచలేదు. వాటికి ప్రతీకారం జరిగినదన్నారు. ప్రతీకారం తగిలినది చాల చోట్ల రజాకారు కాని వానికేనన్నారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు సైతం పాలుపంచుకున్నట్లు వ్రాశారు. అదే నివేదికలో మరొక సంగతి ఉన్నది. ఎన్నో పల్లెలలో హిందువులు తమ ముస్లిం ఇరుగుపొరుగును కాపాడారు. ఒకే వృత్తివారి నడుమ ఈ ఆత్మీయత మరింత కనిపించింది: హిందూ నేతగాండ్రు ముస్లిం నేతగాండ్రను రక్షించబోయి తామే ప్రాణాలు కోల్పోయిన సందర్భాలున్నవి. ఒక మగ్గం ప్రక్కన మరొక మగ్గం వేసుకొని బ్రతికినవారికి ఫర్మానాల సార్వభౌమత్వం కన్న పడుగు పేకల బంధం బలమైనదని తేలింది.

చర్య జరిగిన రోజులలో భారతదేశంలో ఎక్కడా మతకలహం లేదని శ్రీ మీనన్ సంతృప్తి వ్యక్తం చేశారు. ఆ మాట సరిహద్దుకు ఆవల నిజమే కావచ్చు. సరిహద్దుకు లోపల జరిగినది ఆయన గ్రంథంలో చోటు చేసుకోలేదు. 1988లో ఒమర్ ఖలీదీ సంకలనం ‘హైదరాబాద్: ఆఫ్టర్ ది ఫాల్’ ఈ నిశ్శబ్దాన్ని మొదటిసారి గట్టిగా ప్రశ్నించింది. 2013లో ఎ. జి. నూరానీ తమ ‘ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్’ గ్రంథానికి అనుబంధంగా నివేదికను ముద్రించారు. నూరానీ గ్రంథం పత్రాల సేకరణలో అమూల్యం. కాని న్యాయవాది కలం అందులో స్పష్టంగా తెలుస్తుంది: పటేల్ మీద అభియోగ పత్రం ఎంత పకడ్బందీగా ఉన్నదో, లాయక్ అలీ మంత్రివర్గం మీద అంత పకడ్బందీగా లేదు. లూసియన్ బెనిషూ గ్రంథం (2000) ఈ విషయంలో ఎక్కువ సమతూకం గలది. సంస్థానంలోని పక్షాలన్నిటినీ అది ఒకే కొలతతో కొలుస్తుంది.

6. పర్యవసానాలు

చాల గ్రంథాలు 1948 సెప్టెంబరు 18తో ముగుస్తాయి. పర్యవసానాలు మొదలైనది ఆనాడే. ముస్లిం ఉద్యోగులు వేలాదిగా కొలువులు పోగొట్టుకున్నారు. 1949లో జాగీర్లు రద్దయినవి. అది రైతుకు న్యాయం. జాగీరుపై బ్రతికిన వంటవాండ్రు, గుమాస్తాలు, చిన్న నౌకర్లకు మాత్రం ప్రత్యామ్నాయం ఎవరూ చూపలేదు. ఉస్మానియాలో ఉర్దూ బోధన అంతరించింది. బయటి ప్రాంతాల నుండి వచ్చిన అధికారులపై అసంతృప్తి 1952లో ముల్కీ ఆందోళనగా పెల్లుబికింది.

1955లో ఫజల్ అలీ కమిషన్ తెలుగు జిల్లాలను కొంతకాలం వేరు రాష్ట్రంగా ఉంచి, 1961 నాటి ఎన్నికల పిదప శాసనసభలో మూడింట రెండు వంతుల ఆమోదంతో ఆంధ్రలో కలపవచ్చునని సూచించింది. అనగా అడిగి కలపమన్నది. అడగకుండానే 1956 నవంబరు 1న సంస్థానం మూడు ముక్కలై మూడు భాషారాష్ట్రాలలో చేరింది. 1969 తెలంగాణా ఆందోళన, 1972 జై ఆంధ్ర ఉద్యమం, 2014 జూన్ 2న తెలంగాణా రాష్ట్రావతరణ — ఈ వరుస అంతా ఆ అడగని ప్రశ్నకు ఆలస్యంగా వచ్చిన సమాధానమే. కర్ణాటకలో చేరిన జిల్లాలకు 2012లో రాజ్యాంగ సవరణ ద్వారా ప్రత్యేక రక్షణ కల్పించవలసి వచ్చింది.

ఆ వరుసలో రావివలసకూ పాత్ర ఉన్నది. 1766లో హైదరాబాదు నుండి విడిపోయిన ఈ ప్రాంతం 190 ఏళ్ళ తరువాత, 1956లో, మళ్ళీ హైదరాబాదు రాజధానిగా గల రాష్ట్రంలో చేరింది. 2014లో మళ్ళీ విడిపోయింది. తెలంగాణా పోరాటపు జ్ఞాపకం 1960ల చివరలో ఉద్దానం కొబ్బరి తోటలలోను, శ్రీకాకుళం కొండలలోను మరొక సాయుధ పోరాటానికి ప్రేరణలలో ఒకటైంది. ఒక ఫర్మానా ఫలితాలు ఎంత దూరం ప్రయాణిస్తాయో చెప్పడానికి ఇంతకన్న దగ్గరి నిదర్శనం ఈ ప్రాంతీయులకు అక్కరలేదు.

ఇక్కడనే పోల్చదగిన మరొక సరిహద్దు కూడ ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. నౌపడా నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలు ఒక రాష్ట్రంలో బయలుదేరి మరొక రాష్ట్రానికి చేరసాగింది. ఆ నిర్ణయం తెలుగువారికి గాని, ఒరియా వారికి గాని పూర్తి తృప్తి నివ్వలేదు. అయితే కమిటీలు వచ్చాయి, మహజర్లు అందాయి, ఉభయపక్షాల వాదనలూ వినబడ్డాయి. అసంతృప్తి మిగిలింది, నాలుగు జిల్లాలను శ్మశానం చేసే ద్వేషం మిగలలేదు.

7. ముగింపు

సెప్టెంబరు 17ను ఏ పేరుతో జరుపుకోవాలన్న వివాదం ఇప్పటికీ తీరలేదు. 2022 నుండి కేంద్ర ప్రభుత్వం విమోచన దినమన్నది. తెలంగాణా ప్రభుత్వం ఆ ఏడాది సమైక్యతా దినమన్నది. 2024లో ప్రజాపాలనా దినోత్సవమన్నది. విద్రోహ దినమనేవారూ ఉన్నారు. ప్రతి పేరు వెనుకా పైన చర్చించిన గ్రంథాలలో ఏదో ఒకటి నిలిచి ఉన్నది.

ఈ గ్రంథాలన్నిటినీ ఒకచోట పేర్చి చదివిన పాఠకునికి ఒక సంగతి స్పష్టమవుతుంది. నిజాం చట్టాన్ని చూపాడు, ఢిల్లీ ప్రజాభీష్టాన్ని చూపింది, మజ్లిస్ మతాన్ని చూపింది. ప్రజలను అడిగే అవకాశం 1947లోను, 1948లోను, 1956లోను వచ్చింది, మూడుసార్లూ జారిపోయింది. అడగబడనివారే చివరకు లెక్క తీర్చారు. హైదరాబాదు విషయమై ఇంకా వ్రాయవలసిన గ్రంథం ఒకటున్నది. అది కింగ్ కోఠీ నుండి గాని ఢిల్లీ నుండి గాని మొదలు కాదు; పొరుగువాని కోసం వాకిట అడ్డు నిలిచి ప్రాణం ఇచ్చిన ఆ పేరులేని నేతగాని ఇంటి నుండి మొదలు కావాలి.